బెంగళూరు ఫ్లాట్‌లో హరికేన్: 1/72 మోడల్ విమానం కట్టి రంగు వేయడం ఎలా

పాతకాలపు యుద్ధ విమానం మోడల్ కట్టాలని ఉంది, ఏది కొనాలి అని ఎవరు అడిగినా నేను హాకర్ హరికేన్ పేరే చెబుతాను. అందరికీ ముందు గుర్తొచ్చేది స్పిట్‌ఫైర్. అది అందమైన విమానమే, కాదనను. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో మన వైమానిక దళం బర్మా సరిహద్దులో ఎక్కువ భారం మోపింది హరికేన్ల మీదే. 1944లో జపాన్ సైన్యం ఇంఫాల్‌ని చుట్టుముట్టినప్పుడు అర్జన్ సింగ్ నాయకత్వంలో నంబర్ 1 స్క్వాడ్రన్ ఎగిరింది వీటితోనే. ఆ ప్రాంత మిత్రదళాల అధిపతి మౌంట్‌బాటన్ స్వయంగా ఇంఫాల్ వచ్చి ఆయనకి డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) పతకం పెట్టారు. కట్టేవాళ్ల వైపు నుంచి చూసినా హరికేన్ మొదటి మోడల్‌కి బాగా సరిపోతుంది. రెక్క మందం, చక్రాల మధ్య దూరం ఎక్కువ, చిన్న చిన్న పార్ట్స్ తక్కువ.

సైజు 1/72 తీసుకోండి, అంటే అసలు విమానంలో 72వ వంతు. అసలు హరికేన్ రెక్క ఈ చివర నుంచి ఆ చివరికి 12.19 మీటర్లు. 1/72లో అది సుమారు 17 సెంటీమీటర్లు, అంటే జానెడు లోపే. 1/48 అయితే 25 సెంటీమీటర్లు దాటుతుంది. అద్దె ఫ్లాట్‌లో షెల్ఫ్ ఎంత ఉంటుందో మీకు తెలుసు కదా! ఎయిర్‌ఫిక్స్, రెవెల్, హసెగావా, ఆర్మా హాబీ, ఈ కంపెనీలన్నీ 1/72లో హరికేన్ కిట్లు చేశాయి. మార్క్ 1, మార్క్ 2 అని రకాలుంటాయి. బర్మా యుద్ధంలోని విమానం కావాలంటే మార్క్ 2బీ గానీ 2సీ గానీ చూసుకోండి. 2బీకి రెక్కల్లో 12 మెషిన్ గన్లు, 2సీకి నాలుగు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు. వేడి, దుమ్ము ఉన్న ప్రాంతాలకి పంపిన హరికేన్లకి ముక్కు కింద వోక్స్ ఫిల్టర్ అనే ఉబ్బెత్తు డబ్బా ఉండేది. అది మీ కిట్‌లో ఉందో లేదో కొనేముందే బాక్స్ మీది బొమ్మలో చూడండి.

పని మొదలుపెట్టేముందు ఒక్క లెక్క మనసులో పెట్టుకోండి. 1/72 మోడల్ మీద మీరు వేసే రంగు మందం 0.1 మిల్లీమీటర్ అనుకుందాం. 72తో హెచ్చిస్తే 7.2 మిల్లీమీటర్లు. అంటే నిజం విమానం మీద ముప్పావు సెంటీమీటర్ మందాన సిమెంట్ పూత పూసినట్టు లెక్క! మోడల్ చూడగానే ఆటబొమ్మలా అనిపించడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. రంగు తప్పు కావడం కాదు, మందం కావడం. జిగురు, పుట్టీ, ప్రైమర్, రంగు, వార్నిష్, ఏదైనా సరే పలుచగా వేయాలి, ఆరేదాకా ఆగాలి, అవసరమైతే మళ్లీ వేయాలి. కింద నేను చెప్పేవన్నీ ఈ లెక్క చుట్టూనే తిరుగుతాయి.

సామాన్లు

అన్నీ హాబీ షాపులోనే కొనక్కర్లేదు. బ్లేడు కోసం మెడికల్ షాపుకి వెళ్లి 11 నంబర్ సర్జికల్ బ్లేడ్లు, దానికి 3 నంబర్ హ్యాండిల్ అడగండి. సన్నటి ముక్కుతో, హాబీ కత్తుల కంటే పదునుగా, చవగ్గా దొరుకుతాయి. అక్కడే సూది లేని సిరంజిలు రెండు తీసుకోండి, థిన్నర్ కొలిచి కలపడానికి పనికొస్తాయి. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ అని అడిగితే నీళ్లతో రుద్దే ఉప్పుకాగితం ఇస్తారు. 400, 800, 1500 నంబర్లు ఒక్కో షీట్ చాలు. సన్నటి పట్టకారు, నిప్పర్, చిన్న డ్రిల్ బిట్లు ఎస్పీ రోడ్‌లో దొరుకుతాయి. శనివారం సాయంత్రం మాత్రం ఆ వైపు వెళ్లకండి, రద్దీలో అడుగు పడదు. ఫ్యాన్సీ స్టోర్‌లో గోళ్లు మెరుగుపెట్టే నాలుగు పలకల బఫర్ అమ్ముతారు. ప్లాస్టిక్‌ని నున్నగా చేయడానికి దానికి మించింది లేదు.

జిగురు విషయంలో మాత్రం రాజీ పడొద్దు. మోడల్ సిమెంట్ వేరు, ఫెవిక్విక్ వేరు. టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి సిమెంట్ ప్లాస్టిక్‌ని కొద్దిగా కరిగించి రెండు ముక్కల్నీ ఒకటిగా చేస్తుంది. ఫెవిక్విక్ మధ్యలో గట్టి పొరలా నిలబడుతుంది అంతే. దానికీ పని ఉంది, కానీ అది పుట్టీ దగ్గర. పెయింట్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కడగడానికి బాగుంటుంది. మోడల్ మీద పడిందా, పాలిస్టైరీన్ ప్లాస్టిక్ కరిగి ముద్దవుతుంది.

ఇంకొక సామాను డబ్బుతో వచ్చేది కాదు. పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులో విమానపుర దగ్గర హెచ్‌ఏఎల్ హెరిటేజ్ సెంటర్ అనే విమానాల మ్యూజియం ఉంది, మారతహళ్లిలో ఉండేవాళ్లకి పక్కనే. పని మొదలుపెట్టేముందు ఒక పూట అక్కడ గడపండి. హరికేన్ ఉండదు. మారుత్, అజిత్ లాంటి ఇక్కడే తయారైన జెట్లుంటాయి. చూడాల్సింది విమానం పేరు కాదు, దాని ఒళ్లు. రేకుకీ రేకుకీ మధ్య గీత ఎంత సన్నగా ఉందో చూడండి. ఎండ పడే పై భాగంలో రంగు ఎలా వెలిసిందో, రెక్క నీడలో ఉన్న చోట ఎలా నిలిచిందో చూడండి. బరువుకి టైరు నేల దగ్గర ఎలా పరుచుకుంటుందో చూడండి. ఈ మూడూ రేపు మీ బల్ల మీద పనికొస్తాయి.

కట్టడం

ఫ్రేమ్‌తో సహా పార్ట్స్ అన్నీ గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల విమ్ లిక్విడ్ వేసి కడగండి. ఫ్యాక్టరీలో అచ్చు నుంచి ఊడిరావడానికి వేసిన నూనె పోతుంది. అది మిగిలితే రంగు పొలుసులుగా లేస్తుంది. తర్వాత మాన్యువల్ మొత్తం ఒకసారి చదవండి. ఏ పార్టునీ చేత్తో విరిచి తీయకండి. నిప్పర్‌తో పార్టుకి కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన బొడిపెని బ్లేడుతో చెక్కండి.

కాక్‌పిట్ ముందు. ఆ కాలపు బ్రిటిష్ ఫైటర్ల లోపలి రంగు బూడిద కలిసిన లేత ఆకుపచ్చ. హంబ్రోల్ కంపెనీ రంగుల్లో 78 నంబర్ దానికి దగ్గర. మీటర్ల ప్యానెల్ నలుపు. అచ్చమైన నలుపు వేస్తే ఈ సైజులో గుంతలా కనిపిస్తుంది, అందుకని ముదురు బూడిద వేయండి. ఆరాక గట్టి బ్రష్ కొసకి లేత బూడిద రంగు అంటించి, టిష్యూ మీద దాదాపు పూర్తిగా తుడిచేసి, ప్యానెల్ మీద అలా అలా ఆడించండి. ఎత్తుగా ఉన్న డయళ్ల అంచులు ఒక్కొక్కటే తేలివస్తాయి. సీటు బెల్టులకి మాస్కింగ్ టేప్‌ని సన్నటి పట్టీలుగా కోసి అతికించండి. కానోపీ, అంటే కాక్‌పిట్ పైన అద్దం మూత, మూసి పెట్టేటట్లయితే ఇంతకు మించి శ్రమపడొద్దు, ఏమీ కనబడదు.

దేహం రెండు సగాలు కలిపేటప్పుడు సిమెంట్ ముందే పూయకండి. ముక్కలు పొడిగా జోడించి పట్టుకుని, అతుకు మీద బ్రష్ కొస ఆనించండి. సిమెంట్ దానంతట అదే గీత వెంట పాకుతుంది. పాకాక మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి పూసలా పైకి వస్తుంది. దాన్ని తుడవకండి, ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి బ్లేడు వీపుతో గీకి 800 పేపర్‌తో రుద్దితే అతుకు మాయమవుతుంది, చాలాచోట్ల పుట్టీ అవసరమే రాదు. సిమెంట్ పూసిన చోట వేలు తగిలితే మాత్రం మీ వేలిముద్ర విమానం మీద శాశ్వతం.

రెక్కల దగ్గర ఒక సంగతి. హరికేన్ రెక్క మధ్య భాగం సమంగా ఉంటుంది, చక్రాలు దాటాక బయటి భాగం పైకి లేస్తుంది. ఎదురుగా పెట్టి చూసి రెండు వైపులా ఒకే ఎత్తు లేచేలా సర్దండి. రెండు చివరల కింద ఒకే ఎత్తు పుస్తకాలు పెట్టి ఆరనివ్వడం తేలికైన పద్ధతి. రెక్క దేహంతో కలిసే చోట, పొట్ట కింద వెనకవైపు సన్నటి సందు తరచూ మిగులుతుంది. అక్కడికి ఫెవిక్విక్ ఒక చుక్క, టాల్కమ్ పౌడర్ కాస్త కలిపి టూత్‌పిక్‌తో నింపండి. గంటలోపే రుద్దేయాలి, మర్నాటికి ప్లాస్టిక్ కంటే గట్టిపడి చుట్టూ ఉన్నది అరిగిపోతుంది. ముక్కులో బరువు పెట్టాలా అని కొందరు అడుగుతారు. హరికేన్ తోక చక్రం మీద కూర్చునే విమానం, అక్కర్లేదు. అజిత్ లాంటి ముందు చక్రం ఉన్న జెట్లు కట్టేటప్పుడు తప్పకుండా పెట్టాలి.

రుద్దేటప్పుడు దేహం వెనక భాగాన్ని కాపాడుకోండి. హరికేన్‌కి కాక్‌పిట్ వెనక నుంచి తోక దాకా రేకు లేదు. గొట్టాల చట్రం మీద చెక్క పట్టీలు, వాటి మీద బిగించిన బట్ట. కిట్‌లో అక్కడ పొడవునా సన్నటి గీతలు ఉబ్బెత్తుగా కనిపించేది ఆ పట్టీలే. అవి అరిగితే హరికేన్‌లో హరికేన్‌తనం పోయినట్టే.

కానోపీని ఫెవిక్విక్‌తో ఎప్పుడూ అతికించకండి. దాని ఆవిరికి అద్దం లోపలంతా తెల్లగా మసకబారుతుంది. మామూలు ఫెవికాల్ టూత్‌పిక్ కొసతో పెట్టండి, ఆరితే పారదర్శకంగా అయిపోతుంది. హరికేన్ కానోపీకి చట్రాలు ఎక్కువ. అద్దాలని కప్పడానికి ముందే కోసిన టేప్ మాస్కులు దొరికితే కొనేయండి, ఆ డబ్బు వృథా కాదు. లేదంటే టేప్ అతికించి, టూత్‌పిక్‌తో అంచుల్లోకి నొక్కి, కొత్త బ్లేడుతో చట్రం వెంట కోయాలి. చట్రాల మీద ముందు లోపలి ఆకుపచ్చ, దాని మీద బయటి రంగు వేస్తే, లోపలి నుంచి చూసినప్పుడు కూడా సరిగ్గా కనిపిస్తుంది.

రంగు

మన ఊరి వాతావరణం గురించి ముందు చెప్పాలి. వానల కాలంలో బెంగళూరు గాలిలో తేమ బాగా ఉంటుంది. మామూలు రంగులకి ఆరే సమయం పెరుగుతుంది, అంతే. మెరుపు లేని మ్యాట్ వార్నిష్ మాత్రం తేమలో స్ప్రే చేస్తే తెల్లబారిపోతుంది, పూర్తయిన మోడల్ మీద బూజు పట్టినట్టు కనిపిస్తుంది. జల్లు పడుతున్న సాయంత్రం ఆ డబ్బా ముట్టుకోవద్దు. ఎండ వచ్చిన మధ్యాహ్నం దాకా ఆగండి. రెండోది దుమ్ము. పక్క సైట్‌లో అపార్ట్‌మెంట్ లేస్తుంటే బాల్కనీలో రంగు వేయడం దండగ. గదిలో కిటికీ దగ్గర అట్టపెట్టె పెట్టుకుని, వెనక ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించి అందులో స్ప్రే చేయండి. తడి రంగు మీద ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి. ఆవిర్లు పీల్చకుండా కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ వేసుకోండి, మామూలు గుడ్డ మాస్క్ రంగు తుంపరనే ఆపుతుంది, ఆవిరిని ఆపదు. గ్యాస్ స్టవ్, దేవుడి దీపం ఉన్న చోట ఈ పని వద్దు.

ప్రైమర్ బూడిద రంగు తీసుకోండి. పలుచగా ఒక పొర వేసి, దీపం పక్కకి పట్టి చూడండి. కంటికి కనబడని అతుకులన్నీ ఇప్పుడు బయటపడతాయి. గోరుతో గీత మీదుగా గీయండి, తగిలితే ఇంకా ఉన్నట్టే. రుద్దండి, ఆ చోట మళ్లీ ప్రైమర్ వేయండి. ఇక్కడ విసుగు పడి వదిలేసినది రంగు వేశాక ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

బర్మా హరికేన్‌కి మూడు రంగులు చాలు. పొట్ట మీడియం సీ గ్రే, పైన డార్క్ ఎర్త్ అనే మట్టి గోధుమ, దాని మీద డార్క్ గ్రీన్ మచ్చలు. హంబ్రోల్ ఎనామెల్‌లో వరసగా 165, 29, 30. టామియా అక్రిలిక్‌లో ఎక్స్‌ఎఫ్ 83, ఎక్స్‌ఎఫ్ 52, ఎక్స్‌ఎఫ్ 81. బ్రష్‌తో వేసేవాళ్లు టామియా జోలికి పోవద్దు, రెండో పొర మొదటి పొరని లేపేస్తుంది. వయెహో లాంటి నీళ్ల రంగులు తీసుకుని, వెడల్పాటి మెత్తటి బ్రష్‌తో మూడు నాలుగు పలుచటి పొరలు వేయండి. మొదటి పొరకి కింది ప్లాస్టిక్ మచ్చలుగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఆరాక రెండోది మొదటిదానికి అడ్డంగా లాగండి.

ఎయిర్‌బ్రష్ ఉంటే 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 20 పీఎస్‌ఐ గాలి. రంగు నీళ్ల పాలలా పలచబడాలి. కప్పు గోడ మీద కర్రతో కాస్త పైకి తీస్తే సన్నటి పొర మిగిల్చి జారాలి. ప్రతి రంగులోనూ కాస్త తెలుపో లేత బూడిదో కలపండి. దూరం నుంచి చూసిన వస్తువు రంగు గాలిలో పలచబడి కనిపిస్తుంది. మోడల్ అంటే దూరం నుంచి చూసిన విమానమే కదా. డబ్బాలోని రంగు ఉన్నదున్నట్టు వేస్తే మరీ ముదురుగా ఉంటుంది.

వరస ఇది. ముందు పొట్ట గ్రే. ఒక రాత్రి ఆరనిచ్చి, కింది భాగానికి టేప్ వేసి, పైనంతా గోధుమ. మళ్లీ ఒక రాత్రి. తర్వాత మచ్చల అంచుల వెంట బ్లూటాక్ అనే మెత్తటి జిగురు ముద్దని సన్నటి తాడులా చేతుల మధ్య చుట్టి పరచండి. గోధుమగా మిగలాల్సిన చోట్లు టేప్ ముక్కలతో కప్పి, పైనుంచి నిటారుగా గ్రీన్ కొట్టండి. పక్కవాటుగా కొడితే రంగు తాడు కిందికి దూరి అంచు మసకబారుతుంది. అసలు విమానం మీద ఒక అంగుళం మసక ఉంటే 1/72లో అది 0.35 మిల్లీమీటర్లే. కాబట్టి మన కంటికి అంచు దాదాపు గీత గీసినట్టే ఉండాలి. రంగు వేసిన అరగంటకే బ్లూటాక్ తీసేయండి.

ప్రొపెల్లర్ కొసల పసుపు చిన్న పనే, తప్పితే మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. అసలుది నాలుగు అంగుళాలు, అంటే ఇక్కడ 1.4 మిల్లీమీటర్లు. ముందు తెలుపు, దాని మీద పసుపు, ఆరాక కొసకి టేప్ చుట్టి మిగతాదంతా ముదురు బూడిద. నలుపు మీద పసుపు వేస్తే ఎన్ని పొరలు వేసినా ఆకుపచ్చగానే కనిపిస్తుంది.

గుర్తులు

డికాల్స్ అంటే నీళ్లలో ముంచి అతికించే గుర్తుల స్టిక్కర్లు. అవి వేసేముందు మోడల్ అంతటికీ మెరిసే గ్లాస్ వార్నిష్ కొట్టండి. గరుకు రంగు మీద డికాల్ పెడితే కింద గాలి చిక్కుకుని అంచుల్లో వెండిలా మెరుస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో పది పదిహేను సెకన్లు ముంచి, బయట పెట్టండి. కాగితం మీద దానంతట అదే జారాలి, లాగకూడదు. డికాల్ అతుక్కోవడానికి వాడే మైక్రో సెట్ ద్రవం రాసిన చోటికి జార్చి, బ్రష్‌తో సర్ది, తడి దూదితో మధ్య నుంచి బయటికి నీళ్లు అద్దండి. పైన డికాల్‌ని మెత్తబరిచే మైక్రో సోల్ పూస్తే అది ముడతలు పడుతుంది. ఆ ముడతలు చూసి చేయి పెట్టకండి. ఆరేసరికి బట్ట గీతల మీద, రేకుల మధ్య ప్యానెల్ గీతల్లోకి చక్కగా దిగిపోతుంది.

ఏ గుర్తు పెట్టాలి అన్నది నాకు చాలా ముఖ్యం. మన హరికేన్ అని మూడు రంగుల కాషాయ, తెలుపు, ఆకుపచ్చ గుండ్రం పెట్టినవి చూస్తుంటాం. అది 1950 తర్వాతది. బర్మా యుద్ధంలో మన విమానాల మీద ఉన్నది ముదురు నీలం, లోపల లేత నీలం. బ్రిటిష్ గుండ్రంలో ఉండే ఎర్ర చుక్కని అక్కడ తీసేశారు. ఎందుకంటే జపాన్ విమానాల మీద గుర్తే ఎర్రటి గుండ్రం. కాల్పుల మధ్య ఒక క్షణం చూసేవాడికి ఎరుపు కనబడితే అది శత్రువే. తోక మీది చిన్న జెండా కూడా అందుకే రెండు నీలాలు. కిట్‌లో ఇవి లేకపోతే విడిగా డికాల్ షీట్ తెప్పించుకోండి. మీరు కట్టే విమానం ఎవరు నడిపారో చెప్పేది ఈ రెండు నీలాలే.

పాతబడిన రూపు

డికాల్స్ ఆరాక ఇంకో పలుచటి గ్లాస్ పొర. ఇప్పుడు ముదురు గోధుమ ఆయిల్ పెయింట్ ఒక చుక్క, ఎనామెల్ థిన్నర్‌లో బాగా పలుచగా కలిపి, ప్యానెల్ గీతల్లో బ్రష్ కొస ఆనించండి. రంగు గీతల వెంట పరుగెడుతుంది. అరగంట తర్వాత థిన్నర్ కాస్త అద్దిన దూదితో, గాలి వీచే దిశలో ముందు నుంచి వెనక్కి తుడవండి. కింది రంగు అక్రిలిక్, వార్నిష్ అక్రిలిక్, గీతల్లో పారించే ఈ పలుచటి రంగు (వాష్) మాత్రం ఆయిల్ కావాలి. వేర్వేరు జాతి రంగులైతేనే ఒకటి ఇంకొకదాన్ని కరిగించదు. మొదటి నుంచీ ఎనామెల్ వాడినవాళ్లకి కూడా మధ్యలో అక్రిలిక్ గ్లాస్ తప్పనిసరి.

రంగు ఊడి వెండి రేకు కనబడే చిప్పింగ్ అందరికీ ఇష్టం. స్పాంజి ముక్కని వెండి రంగులో ముంచి, కాగితం మీద అద్దేసి, పైలట్ ఎక్కే ఎడమ రెక్క మొదట్లో, ఇంజన్ మూతల అంచుల్లో, రెక్క ముందు అంచున నాలుగైదు చుక్కలు పెట్టండి, చాలు. దేహం వెనక సగంలో మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. అక్కడ ఉన్నది బట్ట అని ముందే చెప్పాను. బట్ట కింద వెండి ఎక్కడి నుంచి వస్తుంది? ఎంత బాగా రంగు వేసిన మోడల్ అయినా తోక దగ్గర వెండి గీతలు చూస్తే నా మనసు చివుక్కుమంటుంది. బట్ట రంగు వెలుస్తుంది, మరకపడుతుంది, మాసిక వేస్తే ఆ ముక్క రంగు తేడాగా ఉంటుంది. చూపించాలంటే అవి చూపించండి.

ఎగ్జాస్ట్ గొట్టాల వెనక మసికి మెత్తటి పెన్సిల్ పొడి గానీ నలుపు, గోధుమ పాస్టెల్ పొడి గానీ చాలు. మెత్తటి బ్రష్‌తో రెక్క మొదలు మీదుగా వెనక్కి లాగండి. తుపాకుల వెనక కూడా రెక్క కింద సన్నటి మసి. ఎక్కువైందనిపిస్తే తడి దూదితో తుడిచేయొచ్చు, వార్నిష్ వేసేదాకా మీ చేతిలోనే ఉంది.

మ్యాట్ వార్నిష్ రెండు పలుచటి పొరలు, మధ్యలో గంట విరామం. ఎండ రోజున మాత్రమే. ఆరాక కానోపీ టేప్ తీయండి, కాక్‌పిట్ వెనక రేడియో స్తంభం, చక్రాలు, ప్రొపెల్లర్ చివరగా పెట్టండి. ముందే పెడితే పట్టుకునే ప్రతిసారీ విరుగుతాయి. టైరు అడుగుని వాటర్ పేపర్ మీద నాలుగుసార్లు రుద్ది పలకగా చేయండి, బరువు దిగినట్టు కూర్చుంటుంది.

అద్దాల షోకేస్‌లో, నేరుగా ఎండ పడని చోట పెట్టండి. ఊరికి వెళ్లేటప్పుడు కారు వెనక అద్దం దగ్గర పెట్టొద్దు, వేడికి రెక్కలు వంగిపోతాయి. దుమ్ము పడితే మేకప్ బ్రష్ లాంటి మెత్తటి బ్రష్‌తో ముందు నుంచి వెనక్కి తుడవండి. రేడియో స్తంభం దగ్గర చేయి నెమ్మది.